లైటు కింద వాలిన మాత్‌ని గుర్తుపట్టడం ఎలా: హైదరాబాద్‌లో జియోమెట్రిడ్‌లు

మిరుగు దాటి రెండు గట్టి వానలు పడ్డాక ఒక పని చేయండి. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం కిందికి దిగేటప్పుడు, మెట్ల దగ్గర రాత్రంతా వెలిగిన ట్యూబ్‌లైట్ చుట్టూ ఉన్న గోడని ఒక్క నిమిషం నిలబడి చూడండి. రకరకాల పురుగులు వాలి ఉంటాయి. వాటిల్లో కొన్ని నాలుగు రెక్కలూ బార్లా పరిచి, ఎవరో పల్చటి కాగితం ముక్క అతికించినట్టు గోడకి అంటుకుని ఉంటాయి. ఒళ్లు సన్నగా పుల్లలా ఉంటుంది. ముందు రెక్కమీద మొదలైన గీత వెనక రెక్కమీదికి తెగకుండా సాగుతుంది, నాలుగు రెక్కలూ పరిచాక ఒకేసారి గీసినట్టు. చాలావరకు అవి జియోమెట్రిడ్ కుటుంబం మాత్‌లు.

ఇళ్లల్లో వీటన్నిటినీ కలిపి దీపం పురుగులంటాం. పొలాల్లో రెక్కల పురుగు, తల్లి పురుగు అంటారు. పాఠాల్లో శలభం, చిమ్మట అని ఉంటుంది. చిమ్మట అనగానే కొందరికి బట్టలు కొరికేది, కొందరికి రాత్రంతా కీచుమనేది గుర్తొస్తుంది కాబట్టి నేను మాత్ అనే రాస్తాను.

నాకు ఈ పిచ్చి పట్టిన మొదటి రెండు వానాకాలాలు ప్రతి ఫొటోకీ ఏదో ఒక జాతి పేరు పెట్టేశాను. నెట్‌లో రంగు కలిసిన బొమ్మ దొరికితే చాలు, అదే పేరు. తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే అందులో సగానికి పైగా నిలబడలేదు. కుటుంబం సరిగ్గా చెప్పడం, ఆ తర్వాత ఉపకుటుంబం, ఆధారం ఉంటేనే ప్రజాతి, చివరికి జాతి. ఈ వరసలో మెట్టు మెట్టూ దిగితే తప్పు చేసే అవకాశం చాలా తగ్గుతుంది. ఎక్కడ ఆధారం అయిపోతే అక్కడే ఆగిపోవాలి. కింద రాసిందంతా ఆ వరస కోసమే.

ముందు తెల్ల గుడ్డ కట్టండి

మెట్ల లైటుతో సరిపెట్టుకోవచ్చు గానీ, డాబా ఉంటే గుడ్డ కట్టడం మేలు. ఉతికిన తెల్ల పంచె గానీ పాత తెల్ల దుప్పటి గానీ చాలు. దండెం మీద నిలువుగా వేలాడదీసి క్లిప్పులు పెట్టండి. కింది అంచు నేలమీద ఓ రెండు అడుగులు పరుచుకోవాలి, ఎందుకంటే చాలా మాత్‌లు గుడ్డకి తగిలి కిందే కూర్చుంటాయి. గుడ్డకి ఒక అడుగు ముందు లైటు వేలాడదీయండి. మామూలు తెల్ల ఎల్ఈడీకి తక్కువ వస్తాయి, అతినీలలోహిత కిరణాలిచ్చే బ్లాక్‌లైట్ ట్యూబుకి బాగా వస్తాయి. అది పెడితే మాత్రం ట్యూబు వైపు సూటిగా చూస్తూ కూర్చోవద్దు, కళ్లకి మంచిది కాదు. వాన తుంపర పడేచోట వైరు అతుకులు ఉండకూడదు.

రాత్రి ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంది. చంద్రుడు లేని రాత్రి, గాలి ఆడకుండా ఉక్కపోస్తున్న రాత్రి, సాయంత్రం చిన్న జల్లు పడి ఆగిన రాత్రి. ఇలాంటివి జూన్ నెలాఖరు నుంచి అక్టోబరు దాకా మనకి బోలెడు దొరుకుతాయి. బోనాల రోజుల్లో, జులై చివరి వారంలో, ప్రపంచమంతా మాత్‌ల కోసం లైట్లు పెట్టే వారం కూడా వస్తుంది. 2012లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన అలవాటు అది, ఇప్పుడు మన దేశంలోనూ చాలామంది పాటిస్తున్నారు. చలికాలంలో, మండే ఏప్రిల్‌లో గుడ్డ కడితే గంటలకొద్దీ ఖాళీ గుడ్డనే చూస్తూ కూర్చోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ముందే చెప్పి ఉంచండి. మొదటిసారి నేను గుడ్డ కడుతుంటే వాచ్‌మన్ పైకొచ్చి, "ఏంది సార్, గీ టైంల బట్టలు ఆరేస్తున్నరు?" అన్నాడు. సంగతి చెప్పాను. ఇప్పుడు తనే పొద్దున గేటు దగ్గర కొత్తరకం కనిపిస్తే, "సార్, ఆకుపచ్చది ఒకటి ఒచ్చింది" అని ఫోన్ చేస్తాడు. డాబా మీద కన్నా గేటు లైటు దగ్గరే మంచి రకాలు దొరికిన రోజులు చాలా ఉన్నాయి.

కేబీఆర్ పార్కు, చిల్కూరు దగ్గరి మృగవని లాంటి జాతీయ ఉద్యానాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట లైటు పెట్టడం కుదరదు, ఏ పురుగునీ పట్టకూడదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల వైపు వెళ్లేవాళ్లు కూడా అడవి హద్దులు చూసుకుని, అడిగి వెళ్లండి. నిజానికి మొదటి ఏడాదికి మీ కాలనీ చాలు. ఒక తుమ్మ చెట్టు, ఒక మామిడి, పక్క ఖాళీ ప్లాట్‌లో రేగు పొదలు ఉంటే తిండికి లోటు లేనట్టే.

ఒక గ్రాఫ్ కాగితం ముక్క గుడ్డకి గుచ్చండి. మాత్ దానిమీద గానీ పక్కన గానీ వాలితే కొలత ఫొటోలోనే వచ్చేస్తుంది. ఫోన్ కెమెరా సరిపోతుంది. ప్రతి మాత్‌కీ మూడు ఫొటోలు తీయండి: పైనుంచి నిటారుగా ఒకటి, తల దగ్గర మీసాలు కనిపించేలా ఒకటి, వీలైతే రెక్క అడుగు వైపు ఒకటి. అడుగు వైపు ఫొటోకి కష్టపడక్కర్లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కిందనుంచి కాగితం జారిస్తే మాత్ డబ్బా గోడకి వాలుతుంది. అవతలి వైపునుంచి ఫొటో తీసుకుని వదిలేయండి.

అసలు ఇది జియోమెట్రిడేనా?

ముందు మీసాలు చూడండి. చివర గుండుసూది తలలా ఉబ్బి ఉంటే అది సీతాకోకచిలుక. మాత్‌ల మీసాలు దారంలా ఉంటాయి, లేదా రెండు వైపులా దువ్వెన పళ్లలా ఉంటాయి. చాలా జియోమెట్రిడ్‌లలో మగదానికి దువ్వెన, ఆడదానికి దారం. దువ్వెన మీసాలతో మగది, గాలిలో కలిసిన ఆడదాని వాసనని పట్టుకుంటుంది.

ఈ మీసాల వెనక ఒక ముచ్చట ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మాత్‌లకి పేర్లు పెడుతూ, ఈ గుంపులో దువ్వెన మీసాలున్న వాటి పేరు చివర "ఏరియా" అనీ, మామూలు దారం మీసాలున్న వాటికి "ఏటా" అనీ చేర్చాడు. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ అలవాటునే కొనసాగించారు. అందుకే జియోమెట్రిడ్‌ల జాబితా తీస్తే బెట్యులేరియా, సెలినేరియా, బ్రుమాటా అంటూ ఒకే ప్రాసతో పేర్లు వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు దాన్ని నియమంగా నమ్మి గుర్తుపట్టలేం గానీ, పేరు చదవగానే ఆ మనిషి మీసాలు చూస్తూ కూర్చున్న దృశ్యం నా కళ్లముందుకొస్తుంది. ఈ గుంపుని ఒక కుటుంబంగా 1815లో లీచ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త స్థిరపరిచాడు. ఇప్పటికి ప్రపంచంలో 23,000కి పైగా జాతులు లెక్కకొచ్చాయి.

తర్వాత కూర్చునే తీరు. రెక్కలు పరిచి గోడకి హత్తుకుని ఉండటం పెద్ద ఆనవాలు. ఒళ్లు లావుగా బొద్దుగా ఉండి, రెక్కలు ఇంటి కప్పులా వంచి పెట్టుకుంటే అది ఎక్కువగా నాక్టువిడ్, ఎరిబిడ్ కుటుంబాలది. చిన్నగా త్రికోణంలా కూర్చుని, తల ముందు ముక్కులా పొడుచుకు వచ్చినది కనిపిస్తే క్రాంబిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. వరి ఆకుముడుత పురుగు వాటిదే. కొత్తవాళ్లు ఎక్కువ పొరబడేది యురానిడ్ కుటుంబంతో. మన దగ్గర మైక్రోనియా అక్యులియాటా అని ఒకటుంది. తెల్లటి రెక్కలమీద బూడిద రంగు సన్నగీతలు, వెనక రెక్క చివర చిన్న తోక, ఆ తోక దగ్గర నల్ల చుక్క. జియోమెట్రిడ్ లాగే రెక్కలు పరిచి కూర్చుంటుంది, నేనూ దాన్ని ఏడాదిపాటు జియోమెట్రిడ్ అనే రాసుకున్నాను. తెల్ల రెక్క, తోక, నల్ల చుక్క ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు మైక్రోనియాని తలుచుకోండి.

మినహాయింపులూ ఉన్నాయి. బిస్టన్ ప్రజాతి మాత్‌లు జియోమెట్రిడ్‌లే అయినా లావుగా, నూగుతో బొద్దుగా ఉంటాయి. కొన్ని జాతులు సీతాకోకచిలుకలా రెక్కలు పైకి ముడిచి కూర్చుంటాయి. చలిదేశాల్లో కొన్నిటి ఆడవాటికి రెక్కలే ఉండవు, చెట్టు మొదలు పట్టుకుని పాక్కుంటూ పైకెక్కుతాయి. అందుకే ఒక్క ఆనవాలు చూసి తేల్చేయకుండా మూడు నాలుగు కలిపి చూడాలి.

శాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని తేల్చి చెప్పేది మాత్రం చెవులతో. పొట్ట మొదట్లో, రెండు పక్కలా, చిన్న గుంటల్లో ఈ చెవులుంటాయి. గబ్బిలాలు వేట కోసం చేసే, మనకి వినపడని శబ్దాలని ఇవి పట్టేస్తాయి. చెవి లోపలి నిర్మాణం జియోమెట్రిడ్‌లలో ఒక ప్రత్యేకమైన తీరులో ఉంటుంది, దాన్ని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. కానీ చెవులున్నాయని మీరే తెలుసుకోవచ్చు. గుడ్డ చుట్టూ మాత్‌లు ఎగురుతున్నప్పుడు ఇంటి తాళంచెవుల గుత్తిని గట్టిగా గలగలలాడించండి. ఆ గలగలలో మనకి వినపడని పైస్థాయి శబ్దం కూడా ఉంటుంది. ఎగురుతున్న మాత్ ఉన్నట్టుండి రెక్కలు ముడిచి రాయిలా కింద పడుతుంది, లేదంటే మెలికలు తిరిగి పారిపోతుంది. గబ్బిలం వచ్చిందనుకుంది పాపం. ఒకటి రెండుసార్లు చూసి ఆపేయండి. ఎరిబిడ్‌లకి, నాక్టువిడ్‌లకి కూడా చెవులున్నాయి, వాటివి ఛాతీ దగ్గర ఉంటాయి. కాబట్టి తాళంచెవులతో కుటుంబం తేలదు. పిల్లలకి చూపించడానికి మాత్రం ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలీదు.

ఏ ఉపకుటుంబం? రంగు చూసి కాదు, ఈనెలు చూసి

ఇక్కడ కాస్త నిదానించాలి. ఆకులో ఈనెలున్నట్టే మాత్ రెక్కలో కూడా ఈనెలుంటాయి. ఉపకుటుంబం చెప్పేది ముఖ్యంగా వెనక రెక్కలోని ఈనెలే. బతికున్న మాత్‌కైతే డబ్బా వెనక టార్చి పెట్టి అడుగు వైపు చూస్తే కొంతవరకు తెలుస్తాయి. స్పష్టంగా చూడాలంటే పొద్దున మెట్లమీద చచ్చి పడిన వాటిని ఏరుకోండి, అవి రోజూ దొరుకుతాయి. వెనక రెక్క ఒకటి జాగ్రత్తగా తీసి గాజు ముక్క మీద పెట్టి ఒక్క చుక్క స్పిరిట్ వేయండి. పొలుసులు తడిసి రెక్క కాసేపు పారదర్శకమవుతుంది. చేతిలో పదింతలు చూపించే లెన్సు ఉంటే ఈనెలు గీతల్లా కనిపిస్తాయి. స్పిరిట్ ఆరిపోయేలోగా ఫొటో తీసేయండి.

రెక్క బయటి అంచు మధ్యభాగంలో మూడు ఈనెలు వెతకండి. పైది ఎం ఒకటి, కిందిది ఎం మూడు, నడిమిది ఎం రెండు. ఇప్పుడు ఆ నడిమి ఈనెని చూడండి.

అది సరైన ఈనెలా లేకుండా, ఉత్త మడతలా ఉన్నా, అసలు కనిపించకపోయినా అది ఎన్నోమినే. కుటుంబం మొత్తంలో ఇదే పెద్ద ఉపకుటుంబం, దాదాపు సగం జాతులు ఇందులోనే ఉన్నాయి. మీ గుడ్డమీద వాలే బూడిదరంగు, గోధుమరంగు, చెట్టు బెరడులాంటి మాత్‌లు ఎక్కువగా ఇవే. కయాస్మియా ప్రజాతి మాత్‌ల గొంగళి పురుగులు ఎక్కువగా తుమ్మ కుటుంబం చెట్లమీద బతుకుతాయి. ఆస్కోటిస్ సెలినేరియా రెక్కలమీద చిన్న చంద్రవంకలాంటి మచ్చలుంటాయి, పేరులో ఉన్న సెలీన్ అంటే గ్రీకులో చంద్రుడే. హైపోసిడ్రా తలాకా ముదురు గోధుమరంగులో ఉంటుంది, ఆడది మగదానికన్నా బాగా పెద్దది. అస్సాం, ఉత్తర బెంగాల్ తేయాకు తోటలకి దీని పురుగంటే హడల్.

నడిమి ఈనె ఉండి, అది మొదలయ్యే చోటు ఎం మూడు కన్నా ఎం ఒకటికి దగ్గరగా ఉంటే జియోమెట్రినే. ఆకుపచ్చ మాత్‌లన్నీ ఎక్కువగా ఇందులోవే. మామిడి చెట్టు దగ్గర కనిపించే థలసోడిస్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆకుపచ్చంటే ఎలాంటి ఆకుపచ్చ అనుకున్నారు? కొత్తగా తొడిగిన అరటాకు రంగు, దానిమీద గోరుతో గీసినట్టు సన్నటి తెల్లగీత. ఒకసారి ఈ మాత్ తెల్ల పంచె మీద వాలితే, దాని రెక్క వెనకనుంచి లైటు పడి ఆ పచ్చదనం గుడ్డమీద చిన్న నీడలా కనిపించింది. నేను చాలాసేపు ఫొటో తీయడం మర్చిపోయాను. ఈ రంగుకి కారణం జియోవెర్డిన్ అనే పదార్థం. తేమ తగిలితే అది నిలవదు. చచ్చిన పచ్చమాత్‌ని తడిగా ఉన్న డబ్బాలో పెడితే కొద్దిరోజుల్లో ఎండుగడ్డి రంగుకి తిరిగిపోతుంది. అందుకే ఈ ఉపకుటుంబానికి బతికున్నప్పటి ఫొటోనే అసలైన సాక్ష్యం. మళ్లీ రంగుని నమ్ముకోవద్దు కూడా. పింగాసా ప్రజాతి మాత్‌లు తెలుపు, బూడిద రంగుల్లో ఉంటాయి, ఈనెల ప్రకారం మాత్రం ఇవీ జియోమెట్రినేనే.

నడిమి ఈనె ఎం ఒకటికీ ఎం మూడుకీ సుమారు మధ్యలో మొదలైతే స్టెరినే వైపు చూడండి. మన గుడ్డమీద రెక్కలు పరిచినప్పుడు రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండే, మీగడ రంగు, అలలు అలలుగా సన్నగీతలున్న చిన్న మాత్‌లు ఇవే. స్కోపులా ప్రజాతి ఇందులో అతి పెద్దవాటిలో ఒకటి, ప్రపంచంలో 800కి పైగా జాతులున్నాయి. వీటిలో చాలా మగవాటి వెనక కాలు లావెక్కి, అందులో వెంట్రుకల కుచ్చు దాగి ఉంటుంది. జాతి తేల్చడానికి నిపుణులు జననాంగాలని కోసి చూడాల్సిందే. స్కోపులా అని రాసి ఆగిపోవడం ఇక్కడ తప్పేమీ కాదు, అది నిజాయితీ. పొడి నేలల్లో తుమ్మ చెట్లున్న చోట ట్రమిండా ముండిస్సిమా అనే మరో స్టెరినే కనిపిస్తుంది. దాని రెక్కల అంచు కోణంగా తిరిగి ఉంటుంది, రెక్కల మీదుగా ఒక వాలుగీత వంకర లేకుండా తిన్నగా సాగుతుంది. దాన్ని మాత్రం ఫొటోతోనే చెప్పొచ్చు.

నాలుగోది లారెంటినే. వెనక రెక్క ముందంచు దగ్గరున్న రెండు పెద్ద ఈనెలు చాలాదూరం కలిసిపోయి సాగి, ఆ తర్వాత విడిపోతాయి. స్టెరినేలో అవి మొదట్లో ఒకచోట తాకి వెంటనే విడిపోతాయి, అదే తేడా. ఇవి చల్లటి కొండప్రాంతాల్లో ఎక్కువ, హిమాలయాల్లో గుడ్డ కడితే ఇవే గుంపులుగా వస్తాయి. దక్కన్ పీఠభూమిలో తక్కువ. ఇందులో యూపితీసియా అనే ప్రజాతి ఒక్కదానికే ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. హవాయి దీవుల్లో వాటిలో కొన్నిటి పురుగులు ఆకు తినడం మానేసి, కొమ్మ ముక్కలా కదలకుండా నిలబడి, దగ్గరికొచ్చిన ఈగల్ని టక్కున పట్టి తింటాయి. గొంగళి పురుగు వేటాడుతుందని 1970లలో బయటపడినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాలేదట.

డెస్మోబాత్రినే, ఈనోక్రోమినే, ఆర్కియారినే లాంటి చిన్న ఉపకుటుంబాలు ఇంకా ఉన్నాయి. చివరిది చలిదేశాలది. హైదరాబాద్‌లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పై నాలుగూ పట్టుకుంటే సరిపోతుంది.

పురుగుని చూస్తే ఇంకా తేలిక

జియోమెట్రిడ్ అనే పేరు వచ్చింది రెక్కల మాత్‌ని చూసి కాదు, దాని పిల్లని చూసి. గ్రీకులో భూమిని కొలిచేది అని అర్థం. ముందు కాళ్లు ఆనించి, వెనక భాగాన్ని ముందుకి లాక్కుని, నడుము పైకి లేపి మళ్లీ సాగుతుంది, అచ్చం మనం చాప పొడవు జానతో కొలిచినట్టు. కారణం కాళ్లలో ఉంది. మామూలు గొంగళి పురుగుకి తల దగ్గర మూడు జతల అసలు కాళ్లు, పొట్టకింద నాలుగు జతల మెత్తటి కాళ్లు, చివరన ఇంకో జత ఉంటాయి. జియోమెట్రిడ్ పురుగుకి పొట్టకింద ఒక్క జత, చివరన ఒక్క జత, అంతే. మధ్యలో పట్టు లేదు కాబట్టి వంగి సాగక తప్పదు.

ఇక్కడ ఆముదం పండించే ఊళ్లవాళ్లు వెంటనే దాసరి పురుగుని తలుచుకుంటారు. అది కూడా నడుము లేపే నడుస్తుంది. కానీ అది ఎరిబిడ్ కుటుంబానిది, పొట్టకింద కాళ్లు ఎక్కువుంటాయి, నడుము సగమే లేస్తుంది. అందుకే వ్యవసాయంవాళ్లు దాన్ని సెమీలూపర్ అంటారు. కాబట్టి కదలిక చూసి తేల్చకండి, కాళ్లు లెక్కపెట్టండి. మధ్యలో ఒక్క జతే ఉందా, రెండు మూడు ఉన్నాయా అన్నదే ప్రశ్న. రేల చెట్టు ఆకులమీద కనిపించే నున్నటి పచ్చపురుగులు ఎక్కువగా సీతాకోకచిలుకలవి, వాటికి కాళ్లన్నీ ఉంటాయి.

వెతకాల్సిన చోటు తుమ్మ, మామిడి, రేగు లాంటి చెట్ల కింది కొమ్మలు. పగలు ఇవి పుల్లలా నిలబడిపోతాయి. వెనక కాళ్లతో కొమ్మని పట్టుకుని, ఒంటిని ఏటవాలుగా బిగించి, నోటినుంచి సన్నటి పట్టుదారం ఒకటి కొమ్మకి అంటించుకుని గంటలకొద్దీ అలాగే. ఒంటిమీద మొగ్గలాంటి బుడిపెలు, బెరడు మచ్చలు కూడా ఉంటాయి. నిజమైన పుల్లని తాకితే గట్టిగా తగులుతుంది, దీన్ని తాకితే దారంమీద వేలాడుతూ కిందికి జారిపోతుంది. వీటిలో చాలావాటికి దురద పుట్టించే నూగు ఉండదు. అయినా గుర్తుపట్టని పురుగుని చేత్తో పట్టుకోవద్దు, ఆకుతో సహా తుంచండి.

ఇంగ్లండ్‌లోని బిస్టన్ బెట్యులేరియా గురించి స్కూల్ పుస్తకాల్లో చదివే ఉంటారు. 1848లో మాంచెస్టర్‌లో దాని నల్లరకం కనిపించింది. ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడ్డ కాలంలో తెల్లవి పిట్టలకి దొరికిపోగా నల్లవి పెరిగాయి, గాలి శుభ్రపడ్డాక మళ్లీ తగ్గాయి. దాని పురుగు సంగతి ఇంకా విచిత్రం. ఏ కొమ్మమీద పెరిగితే ఆ కొమ్మ రంగుకి తిరుగుతుంది. కళ్లకి రంగు పూసి చూపు మూసినా రంగు మార్చుకుందని 2019లో తేలింది, అంటే చర్మంతోనే వెలుతురు రంగు పసిగడుతోందన్నమాట.

దొరికిన పురుగుని పెంచితే మాత్ పేరు తేలిక. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని మూతకి బదులు పల్చటి మల్లు గుడ్డ కట్టండి. అడుగున ఒక టిష్యూ పరవండి. ఏ చెట్టుమీద దొరికిందో ఆ ఆకే పెట్టాలి, వేరేది పెడితే తినక ఆకలితో చచ్చిపోవచ్చు. కొమ్మ కొసకి తడి దూది చుట్టండి. నీళ్ల సీసాలో మాత్రం పెట్టకండి, పురుగు అందులో దిగి మునిగిపోతుంది. నా మొదటి మూడు పురుగులూ అలాగే పోయాయి. రోజూ రెట్ట ఊడ్చి కొత్త ఆకు వేయాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండలో, ఏసీ గాలిలో పెట్టొద్దు. పురుగు తిండి మానేసి డబ్బా అంతా కంగారుగా తిరగడం మొదలుపెడితే ప్యూపా కాబోతోందని గుర్తు. చాలా జియోమెట్రిడ్‌లు మట్టిలో ప్యూపా అవుతాయి కాబట్టి, అప్పుడు అడుగున రెండంగుళాల పొడిపొడి మట్టి వేసి, పైన కాస్త తడి చల్లండి. మట్టిలో, పిండిన తడి బట్టకి ఉన్నంత తేమ ఉంటే చాలు. వానాకాలంలో ప్యూపా నుంచి మాత్ రావడానికి చాలావాటికి పదిరోజులు అటూ ఇటూ పడుతుంది. మాత్ బయటికి రాగానే రెక్కలు విప్పుకోవడానికి ఎక్కే పుల్ల ఒకటి నిలువుగా పెట్టి ఉంచండి. అది లేకపోతే రెక్కలు ముడతలుపడి అలాగే ఆరిపోతాయి.

కొన్నిసార్లు మాత్‌కి బదులు చిన్న కందిరీగ బయటికొస్తుంది. పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే పరాన్నజీవులు అవి. నిరాశపడకుండా దాన్నీ ఫొటో తీసి, ఏ పురుగునుంచి వచ్చిందో రాసి పెట్టండి. అలాంటి రికార్డులు మాత్ ఫొటోల కన్నా అరుదు.

రాసిపెట్టుకోవడం

ప్రతి ఫొటోకీ తేదీ, టైం, చోటు, లైటు రకం, పురుగైతే చెట్టు పేరు రాయండి. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెడితే నిపుణులు చూసి దిద్దుతారు. అది మొదట చూపించే సలహా పేరుని వెంటనే ఒప్పుకోకండి, రంగు పోలికతో వచ్చినది కావచ్చు. ముందు మీ ఈనెల ఫొటో, మీసాల ఫొటో కూడా కలిపి పెట్టండి. మా నోట్‌బుక్‌లో పోయిన ఆగస్టు పేజీ ఒకటి ఇలా ఉంది: "డాబా, రాత్రి 9:40, జల్లు ఆగాక. మీగడ రంగు, రెక్కలు 19 మిల్లీమీటర్లు. నడిమి ఈనె మధ్యలో. మగది, వెనక కాలు లావు. స్కోపులా. జాతి తెలీదు." ఏడాది తర్వాత ఎవరైనా ఆ ఫొటో చూసి జాతి చెప్పగలిగితే, చెప్పడానికి కావలసినవన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి.

గుడ్డని రాత్రంతా వెలిగించి వదిలేయకండి. పదకొండు పన్నెండింటికి లైటు ఆర్పేయండి. తెల్లారేదాకా ఉంచితే పొద్దున గోరింకలు, పిగిలిపిట్టలు వచ్చి అన్నిటినీ ఏరుకు తింటాయి, రాత్రంతా బల్లులు సరేసరి. ఆర్పాక ఓ పావుగంట ఆగి, దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని, గేటు లైటు పడని వైపు, పొదల మీద నెమ్మదిగా దులపండి. మడతల్లో ఇంకా ఒకటి రెండు దాక్కుని ఉంటాయి. గుడ్డని వాషింగ్ మెషిన్‌లో వేసే ముందు ఒకసారి విప్పి చూడండి.